లిపిడ్ రిపోర్టు చేతికొచ్చింది, ఇప్పుడేం చేయాలి?

విశాఖ కేజీహెచ్ డౌన్‌లో మందుల షాపు కౌంటర్ వెనక కూర్చునేవాణ్ణి కాబట్టి ఈ మాట నాకు తరచూ వినపడుతుంది: “కొలెస్ట్రాల్ కొంచెం ఎక్కువుందటండి, మంచి బిళ్ళ ఏదైనా ఇవ్వండి.” రిపోర్టు ఏదీ అంటే ఫోన్ తీసి చూపిస్తారు. అందులో ఏ అంకైనా లావుగా అచ్చయి ఉంటే భయం, లేకపోతే ధీమా. రెండూ తప్పే కావచ్చు. ల్యాబ్ వాళ్ళు పక్కన అచ్చేసే నార్మల్ రేంజ్ ఊరందరికీ ఒకటే. మీకు షుగర్ ఉందో లేదో, మీ నాన్నగారికి యాభై ఏళ్ళకే స్టెంట్ పడిందో లేదో ఆ కాగితానికి తెలియదు. మీరు చేరాల్సిన అంకె వేరే ఉంటుంది. దాన్ని ఎలా కనుక్కోవాలి, అక్కడికి ఎలా చేరాలి, చేరాక ఎలా నిలబెట్టుకోవాలి అన్నది వరసగా చెబుతాను. నేను డాక్టర్ని కాను. మందు రాసేదీ మార్చేదీ మీ డాక్టరే. ఆయన దగ్గరకు వెళ్ళే ముందూ, వెళ్ళొచ్చాకా మీ చేతిలో ఉన్న పనులు ఇవి.

ముందు పరీక్ష సరిగ్గా చేయించుకోండి

ఒట్టి ‘టోటల్ కొలెస్ట్రాల్’ చేయించి ఊరుకోకండి. రక్తంలోని కొవ్వులను విడివిడిగా చూపే లిపిడ్ ప్రొఫైల్ అని అడగండి. పరగడుపున రావాలా అంటే, మామూలుగా మొదటిసారి చేయించుకునేవాళ్ళకు అక్కర్లేదు, తిన్నాక ఇచ్చినా పనికొస్తుంది. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 400 దాటితే మాత్రం పది పన్నెండు గంటలు ఏమీ తినకుండా ఉండి మళ్ళీ ఇవ్వాలి. మంచినీళ్ళు తాగొచ్చు. షుగర్ బిళ్ళలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు ఉపవాసం ముందు డాక్టర్ని అడగాలి, లేకపోతే ల్యాబ్ క్యూలోనే కళ్ళు తిరుగుతాయి.

జ్వరం వచ్చి తగ్గిన వారంలోనో, ఆపరేషన్ అయిన కొత్తలోనో చేయిస్తే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అంటారే, అది) ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. కొన్ని వారాలు ఆగండి. ముందు రాత్రి మందు పార్టీ జరిగితే ట్రైగ్లిజరైడ్లు ఎగిరి కూర్చుంటాయి. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయిస్తే పోల్చుకోవడం తేలిక. పాత రిపోర్టులు పారేయకండి. డాక్టరుకు ఒక్క రిపోర్టు కన్నా వరసగా మూడు రిపోర్టులు ఎక్కువ చెబుతాయి.

రిపోర్టు చదవడం

కొలెస్ట్రాల్ విషమేమీ కాదు. కణాల గోడలకు, కొన్ని హార్మోన్లకు అది కావాలి. చాలావరకు మన కాలేయమే తయారు చేసుకుంటుంది. నూనెలాంటి పదార్థం నీళ్ళలాంటి రక్తంలో కలవదు కాబట్టి ప్రొటీన్ తొడుగున్న రేణువుల్లో ప్రయాణిస్తుంది. అందులో ఎల్‌డీఎల్ రేణువులు ఎక్కువైనకొద్దీ రక్తనాళాల గోడల్లోకి దూరి పేరుకుంటాయి. ఏళ్ళ తరబడి ఏ నొప్పీ ఉండదు, ఏ లక్షణమూ ఉండదు. గుండెపోటో పక్షవాతమో వచ్చాకే తెలుస్తుంది. మంచి కొలెస్ట్రాల్ అని పిలిచే హెచ్‌డీఎల్ మగవాళ్ళలో 40, ఆడవాళ్ళలో 50 కన్నా తక్కువుంటే మంచిది కాదు. అలాగని దాన్ని బిళ్ళలతో పెంచితే గుండెకు మేలు జరిగినట్టు పరిశోధనల్లో తేలలేదు. కాబట్టి హెచ్‌డీఎల్ పెంచే మందు కోసం వెతక్కండి. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి. ఈ అంకెలన్నీ డెసీలీటరు రక్తానికి మిల్లీగ్రాముల లెక్క.

ఇప్పుడు ఒక రిపోర్టు ఊహించుకోండి: టోటల్ కొలెస్ట్రాల్ 210, హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 240. చాలామంది పైనున్న 210 చూసి “200 దాటింది పదే కదా” అనుకుంటారు. పెన్ను తీయండి. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే 48. 210 లోంచి 36, 48 తీసేస్తే 126. అదే ఎల్‌డీఎల్. చాలా ల్యాబ్‌లు ఇలా లెక్కగట్టే రాస్తాయి, ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనిచేయదు. ఇంకో లెక్క ఇంతకన్నా ముఖ్యం: 210 లోంచి 36 తీసేస్తే 174. దీన్ని నాన్-హెచ్‌డీఎల్ అంటారు. రక్తనాళాలకు చెరుపు చేసే రేణువుల్లోని కొలెస్ట్రాల్ అంతా అందులోకి వచ్చేస్తుంది. అది ఎక్కువలో ఎక్కువ 130 లోపు ఉండాలి. అంటే ‘పదే కదా’ అనుకున్న మనిషి 44 ఎక్కువలో ఉన్నాడు.

హెచ్‌డీఎల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, ఎల్‌డీఎల్ మాత్రం మరీ భయపెట్టేంత లేకపోవడం: మనవాళ్ళలో బాగా కనిపించే తీరు ఇదే. నడుము చుట్టూ పొట్ట ఉన్నవాళ్ళలో మరీను. అందుకే టోటల్ ఒక్కటీ చూసి ఊపిరి పీల్చుకోకూడదు.

మీరు చేరాల్సిన అంకె కనుక్కోండి

కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 జూలైలో మన దేశానికంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. క్లుప్తంగా చెప్పాలంటే ఇలా ఉంటుంది. పెద్దగా ముప్పు లేనివాళ్ళకు ఎల్‌డీఎల్ 100 లోపు. ముప్పు ఎక్కువున్నవాళ్ళకు, అంటే షుగర్, బీపీలాంటివి ఉన్నవాళ్ళకు 70 లోపు. ఇప్పటికే గుండెపోటు వచ్చినా, స్టెంట్ పడినా, బైపాస్ అయినా, పక్షవాతం వచ్చినా 55 లోపు. నాన్-హెచ్‌డీఎల్ లెక్క కావాలంటే వీటికి 30 కలుపుకోండి.

ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ ఎల్‌డీఎల్ 110 ఉందనుకోండి. ముప్ఫై ఏళ్ళ తమ్ముడు సిగరెట్ తాగడు, షుగర్ లేదు. ఆయన వంటింట్లో, నడకలో నాలుగు మార్పులు చేసుకుని కొన్ని నెలలకు మళ్ళీ చూపించుకుంటే చాలు. నలభై ఎనిమిదేళ్ళ అన్నయ్యకు షుగర్, బీపీ ఉన్నాయి, ఆయన చేరాల్సింది 70. ఆయనకు బిళ్ళ తప్పకపోవచ్చు. ఇద్దరి రిపోర్టులోనూ ల్యాబ్ అచ్చేసిన రేంజ్ ఒకటే.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఒక చీటీ మీద ఇవి రాసుకెళ్ళండి: మీ వయసు, పొగాకు అలవాటు (ఖైనీ, చుట్ట కూడా చెప్పాలి), బీపీ, షుగర్, కిడ్నీ సమస్య ఉందా, నాన్న వైపు అమ్మ వైపు ఎవరికి ఏ వయసులో గుండెజబ్బు వచ్చింది. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్ళకో 65 లోపు వచ్చి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. ఇంకో పరీక్ష గురించి కూడా అడగండి: లైపోప్రోటీన్ లిటిల్ ఏ. ఎల్‌డీఎల్‌లాంటిదే ఇంకో రేణువు ఇది, పుట్టుకతో వచ్చేది. తిండితో తగ్గదు, జీవితంలో పెద్దగా మారదు. అందుకే చాలామందికి ఒక్కసారి చేయిస్తే సరిపోతుంది. 50 దాటితే ముప్పు ఎక్కువని లెక్క. పాతికేళ్ళ పిల్లాడు జిమ్‌కి వెళ్తూ కూడా ఎందుకు పడిపోయాడు అని ఊరంతా అనుకునే సందర్భాల్లో కొన్నిసార్లు దీని పాత్ర ఉంటుంది.

వెనక ఇంకో జబ్బు ఉందేమో చూడండి

థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. థైరాయిడ్ సరిచేస్తే కొలెస్ట్రాల్ దానంతటదే చాలావరకు దిగుతుంది. షుగర్ అదుపులో లేకపోతే, మద్యం ఎక్కువైతే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. కిడ్నీ జబ్బులు, స్టెరాయిడ్లు కూడా కారణం కావచ్చు. మందు మొదలెట్టే ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (షుగర్), క్రియాటినిన్ (కిడ్నీ), లివర్ పరీక్ష చేయించమని డాక్టరు రాస్తే అనవసరపు ఖర్చు అనుకోకండి.

వంటింట్లో ఏం మార్చాలి

నూనెతో మొదలెట్టండి. ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని గొప్పగా రాస్తారు. ఏ మొక్క నూనెలోనూ అది చెప్పుకోదగ్గంత ఉండదు, పామాయిల్‌లో కూడా. చూడాల్సింది ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే శాచురేటెడ్ ఫ్యాట్. రక్తంలో ఎల్‌డీఎల్‌ను పెంచేది ముఖ్యంగా అదే. పామాయిల్‌లో దాదాపు సగం అదే, నెయ్యిలో అరవై శాతం పైనే, కొబ్బరినూనెలో తొంభై దగ్గర. వేరుశనగ, పొద్దుతిరుగుడు, నువ్వుల నూనెల్లో ఇరవై శాతమో అంతకన్నా తక్కువో. ఏ నూనె మంచిదని నన్ను అడిగేవాళ్ళు ఎక్కువ, ఎంత పోయాలని అడిగేవాళ్ళు తక్కువ. నలుగురున్న ఇంటికి నెలకు రెండు లీటర్లకు మించకుండా చూసుకోండి. ఒకటో తారీఖున సీసాలు కొని పక్కన పెట్టి, అవి ఏ తారీఖుకి అయిపోతున్నాయో చూడండి. ఇరవయ్యో తారీఖుకే అయిపోతే వేపుళ్ళు తగ్గించమని ఇంట్లో ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు, సీసాయే చెబుతుంది.

నెయ్యి పూర్తిగా మానేయాలా? పప్పన్నంలో ఒక చిన్న చెంచాకు శాచురేటెడ్ ఫ్యాట్ మూడు గ్రాములు. ఎల్‌డీఎల్ ఎక్కువున్నవాళ్ళు రోజంతటికీ పదిహేను గ్రాముల లోపు ఉండాలి. ఆ చెంచా అందులో ఇమిడిపోతుంది. ఇమడనిది దాని తర్వాత వచ్చేవి: చిక్కటి పాల మీగడ, బేకరీ పఫ్, బిర్యానీ, పండక్కి మాడుగుల హల్వా. హల్వా తినొద్దని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. పెట్టె తెరిచి టేబుల్ మీద పెట్టుకోకండి, అంతే. పాలు ఫుల్ క్రీమ్ (6 శాతం వెన్న) నుంచి టోన్డ్‌కు (3 శాతం), కుదిరితే డబుల్ టోన్డ్‌కు (1.5 శాతం) మారితే ఇంట్లో పెద్దగా ఎవరికీ తెలియను కూడా తెలియదు.

బీచ్ రోడ్డులో బజ్జీలు, పునుగులు వేగే నూనె మళ్ళీ మళ్ళీ కాగుతుంటుంది. సాయంత్రం ఏదైనా తినాలనిపిస్తే మురీ మిక్సర్ తినండి, ఉల్లిపాయలు, నిమ్మరసం ఎక్కువ వేయించుకుని.

చేపల విషయంలో వైజాగ్ వాళ్ళం అదృష్టవంతులం. వంజరం, చందువా కొనడానికి జేబు తడుముకోవాలి గానీ, ఫిషింగ్ హార్బర్‌లో చవగ్గా దొరికే కానాగంతలు, కవళ్ళలో ఒమేగా-3 కొవ్వు బాగా ఉంటుంది. వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోండి. వేపుడు చేస్తే సగం ప్రయోజనం మూకుట్లోనే పోతుంది. ఎండుచేప వేరే సంగతి, ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళకు మంచిది కాదు. రొయ్యల్లో కొలెస్ట్రాల్ ఎక్కువే గానీ శాచురేటెడ్ ఫ్యాట్ చాలా తక్కువ. తిన్న కొలెస్ట్రాల్ రక్తంలో పెంచేది మనం భయపడినంత ఉండదు. రొయ్యలు గోంగూరలోనో చింతచిగురులోనో వండుకుని అప్పుడప్పుడు తినొచ్చు. గుడ్డు కూడా రోజుకొకటి చాలామందికి ఫర్వాలేదు. షుగర్ ఉన్నవాళ్ళు, ఎల్‌డీఎల్ బాగా ఎక్కువున్నవాళ్ళు పచ్చసొన సంగతి డాక్టర్ని అడగండి.

ట్రైగ్లిజరైడ్లు ఎక్కువుంటే నూనె కన్నా ముందు అన్నం, చక్కెర, మద్యం చూడాలి. ఇది మనవాళ్ళకు నమ్మబుద్ధి కాదు. “నేను వేపుళ్ళే తినను, ట్రైగ్లిజరైడ్లు ఎలా పెరిగాయి?” అంటారు. రోజుకు మూడు పూటలా అన్నమో ఇడ్లీయో, నాలుగు టీలు చక్కెరతో, మధ్యలో కూల్‌డ్రింక్. వాడుకోగా మిగిలిన పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. కంచంలో అన్నం సగానికి తగ్గించి, ఆ ఖాళీని కూరతో, పప్పుతో నింపండి. పొద్దున్న చోడి (రాగి) అంబలి మంచిదే, బెల్లం కలపకుండా తాగితే. మద్యం మాత్రం ట్రైగ్లిజరైడ్లు 500 దాటినవాళ్ళు పూర్తిగా మానాలి. ఆ స్థాయి దాటి పెరిగేకొద్దీ, ముఖ్యంగా వెయ్యి దాటాక, క్లోమగ్రంథి వాచే ప్రమాదం ఉంది. పొట్ట పైభాగంలో భరించలేని నొప్పి వచ్చి వెన్నులోకి పాకుతుంటే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

నీళ్ళలో జిగురుగా మారే పీచు ఎల్‌డీఎల్‌ను కొంత తగ్గిస్తుంది. ఓట్స్ కొనాలనేం లేదు. గోరుచిక్కుడు, బెండ, మెంతులు, ఉలవలు, బార్లీ, జామ ఉన్నాయి. వెల్లుల్లి వల్ల లాభం ఉన్నా కొద్దిగానే. వాట్సాప్‌లో తిరిగే, ‘బ్లాకులు కరిగించే’ అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం కషాయం తాగి స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే బిళ్ళ) మానేసినవాళ్ళను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. కషాయం తాగండి, కాదనను. బిళ్ళ మానకండి.

నడక

వారానికి నూట యాభై నిమిషాలు, మాట్లాడగలిగేంత గానీ పాట పాడలేనంత వేగంతో. తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డు మీద బండ్లు తిరగనివ్వరు కాబట్టి అది వాడుకోండి. వేసవిలో ఉక్కపోత మొదలయ్యాక ఏడున్నర తర్వాత నడవడం శిక్షే. నడక వల్ల ఎల్‌డీఎల్ పెద్దగా తగ్గదు, ముందే చెబుతున్నా, నిరాశ పడకుండా. ట్రైగ్లిజరైడ్లు, బీపీ, షుగర్, పొట్ట తగ్గుతాయి. గుండెజబ్బు ఉన్నవాళ్ళు సింహాచలం మెట్లు, కైలాసగిరి ఎక్కే ముందు డాక్టర్ని అడగాలి.

బిళ్ళ రాస్తే

ముందు అందరూ వాడేది స్టాటిన్: అటోర్వాస్టాటిన్, లేదా రోసువాస్టాటిన్. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని ఇది తగ్గిస్తుంది, దాంతో కాలేయం రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను ఎక్కువ లాక్కుంటుంది. అటోర్వా 10, 20, లేదా రోసువా 5, 10 వాడితే ఎల్‌డీఎల్ మూడో వంతు నుంచి సగం వరకు తగ్గుతుంది. అటోర్వా 40, 80, లేదా రోసువా 20, 40 అయితే సగమో అంతకన్నా ఎక్కువో. ఇక్కడ ఒక చిత్రం ఉంది. పవర్ రెట్టింపు చేస్తే అదనంగా తగ్గేది ఆరు శాతమే. అందుకే డాక్టరు పవర్ పెంచకుండా ఎజెటిమైబ్ 10 కలిపి రాయొచ్చు. అది పేగుల్లోంచి కొలెస్ట్రాల్ ఎక్కడాన్ని తగ్గించి ఇంకో ఇరవై శాతం దాకా దించుతుంది. ఇవన్నీ చాలనివాళ్ళకు బెంపెడోయిక్ యాసిడ్ అనే బిళ్ళ ఉంది, రెండు వారాలకోసారి వేసే ఎవోలోక్యుమాబ్‌లాంటి ఇంజెక్షన్లు, మొదటి రెండు డోసుల తర్వాత ఆరు నెలలకోసారి వేసే ఇన్‌క్లిసిరాన్ ఉన్నాయి. ఇంజెక్షన్లు బాగా ఖరీదు.

అటోర్వా, రోసువా పొద్దున్నైనా రాత్రైనా వేసుకోవచ్చు. మీరు మర్చిపోని వేళే మంచి వేళ. జనరిక్ అయితే జన్ ఔషధి కేంద్రాల్లో చవగ్గా దొరుకుతుంది, మందు అదే. కొనేటప్పుడు స్ట్రిప్ తిప్పి వెనక పేరు చదవండి. అటోర్వాతో పాటు యాస్పిరిన్ కలిపిన క్యాప్సూళ్ళు చాలా అమ్ముడవుతాయి. స్టెంట్ పడినవాళ్ళకు రాసిన చీటీ చూపించి పక్కింటివాళ్ళు కూడా అదే కొనుక్కెళ్తారు, “కొలెస్ట్రాల్ బిళ్ళే కదా” అని. యాస్పిరిన్ అందరికీ అక్కర్లేదు, కడుపులో రక్తస్రావం తేవచ్చు. ఒకరి చీటీ ఇంకొకరికి పనికిరాదు.

స్టాటిన్ వేసుకుంటే కాళ్ళు నొప్పులు వస్తాయని చాలామందికి భయం. కొందరికి వస్తాయి. ఎక్కువమందికి ఆ నొప్పి బిళ్ళ వల్ల కాదు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన పరీక్షల్లోనూ దాదాపు అంతే నొప్పి చెప్పారు. మీకు నొప్పి వస్తే మీ అంతట మీరు ఆపకండి. డాక్టరు సీకే పరీక్ష (కండరాలు దెబ్బతిన్నాయేమో చూపే రక్తపరీక్ష) చేయించి, కొన్నాళ్ళు ఆపి చూసి, వేరే స్టాటిన్‌కో తక్కువ పవర్‌కో మారుస్తారు. కండరాలు విపరీతంగా నొప్పి పెట్టి మూత్రం కోలా రంగులోకి మారితే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, ఇది చాలా అరుదు. షుగర్ కొద్దిగా పెరగొచ్చు, గుండెకు కలిగే మేలు దానికన్నా చాలా ఎక్కువ. ఫ్యాటీ లివర్ ఉందని స్టాటిన్ మానక్కర్లేదు. గర్భం దాల్చాలనుకునేవాళ్ళు, బిడ్డకు పాలిచ్చేవాళ్ళు ముందుగా డాక్టరుకు చెప్పాలి.

వినాయక చవితి రోజుల్లో బజారుకొచ్చే పంపర పనస గ్రేప్‌ఫ్రూట్ జాతిదే. అటోర్వా వాడేవాళ్ళు రోజూ పెద్ద మొత్తంలో తింటే రక్తంలో మందు మోతాదు పెరగొచ్చు. ఒకటి రెండు తొనలకు టెన్షన్ పడక్కర్లేదు. జలుబు దగ్గులకు ఎవరైనా క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే మాత్రం అటోర్వా వాడుతున్నట్టు తప్పకుండా చెప్పండి.

ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే ఫెనోఫైబ్రేట్ రాస్తారు. 200 చుట్టూ ఉన్నవాళ్ళకు చాలావరకు తిండి, బరువు, షుగర్ అదుపు, అవసరమైతే స్టాటిన్ సరిపోతాయి.

మళ్ళీ పరీక్ష, ఆ తర్వాత

మందు మొదలెట్టిన నాలుగు నుంచి పన్నెండు వారాల్లో మళ్ళీ లిపిడ్ ప్రొఫైల్. చేరాల్సిన అంకెకు చేరితే ఆ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో చాలు.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. రిపోర్టు బాగా వచ్చింది. “నార్మల్ అయిపోయిందండీ, ఇంక ఆపేశాను.” ఆ నార్మల్ బిళ్ళ వేసుకున్నందుకు వచ్చింది. ఆపిన కొన్ని వారాల్లో ఎల్‌డీఎల్ పాత చోటికే వెళ్తుంది, ఆపిన సంగతి ఒంటికి మాత్రం తెలియదు. నెల తిరిగేలోపు స్ట్రిప్ ఎప్పుడు అయిపోతుందో ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఎల్‌డీఎల్ 40కి దిగిందని ఎవరైనా ‘మరీ తక్కువైపోయింది’ అంటే, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు అది మంచి వార్తే. మందు తగ్గించాలా వద్దా అన్నది డాక్టరుతోనే తేల్చుకోండి.

ఇంట్లో మిగతావాళ్ళు

ఎల్‌డీఎల్ 190 దాటితే వంశపారంపర్యంగా వచ్చిందేమో అనుమానించాలి. కనురెప్పల దగ్గర పసుపు మచ్చలు, మడమ వెనక స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) లావెక్కడం, నలభై ఐదేళ్ళలోపే నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం ఉంటే ఇంకా. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగం అవకాశం. ఇలాంటి ఇళ్ళలో పిల్లల్ని స్కూలు వయసులోనే పరీక్ష చేయించాలి, అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళని కూడా. మిగతావాళ్ళు పద్దెనిమిదేళ్ళు నిండగానే ఒకసారి చేయించుకుంటే చాలు. ఇంట్లో ఎవరికైనా గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు వెంట వచ్చిన తమ్ముడో కొడుకో తన రక్తం కూడా అదే వారంలో ల్యాబ్‌లో ఇచ్చేయడం మంచిది. తర్వాత చూద్దాంలే అనుకుంటే సంవత్సరీకం దాకా ఎవరికీ గుర్తు రాదు.